నా సీసాలో ఏముందో ఎవరు చెప్తారు?

సంపాదకుడు గారికి నమస్కారం.

పడిశానికి ముక్కులో కొట్టుకునే అజెలాస్టిన్ స్ప్రే కోవిడ్‌ని కొంత అడ్డుకుంటోందని జర్మనీ డాక్టర్లు తేల్చిన వార్త ఆ మధ్య పేపర్లో చదివాను. ఆరోగ్యంగా ఉన్న 450 మందిని తీసుకుని సగం మందికి మందు, సగం మందికి మందు లేని డమ్మీ స్ప్రే ఇచ్చి రోజుకు 3 సార్ల చొప్పున 56 రోజులు కొట్టించారు. మందు వాడినవాళ్ళలో నూటికి 2.2 మందికి, డమ్మీ వాడినవాళ్ళలో 6.7 మందికి కోవిడ్ సోకింది. 2025 సెప్టెంబరులో అచ్చయిన ఈ లెక్క గుంటూరులో మా కొట్టు బల్ల మీదికి టీ గ్లాసుతో పాటు వచ్చేసింది. సంతోషమే. కానీ అదే మందు మీద ఇదే ఊళ్ళో నా సొంత ముక్కు మీద జరిగిన పరీక్ష ఫలితం ఏడాదిన్నర దాటినా నాకు రాలేదు. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. పొడుగైతే కత్తిరించుకోండి, చివర అడిగింది మాత్రం ఉంచండి.

నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో 24 ఏళ్ళుగా గుమస్తాని. యార్డు చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, కొత్తగా వచ్చినవాడు గేటు దాటకముందే తువ్వాలు మూతికి కట్టుకుంటాడు, పాతవాళ్ళకి అలవాటైపోతుందంటారు, నాకు ఈ జన్మలో అలవాటు కాలేదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతున్నంత కాలం తుమ్ములే తుమ్ములు. పోనీ యార్డు ఒక్కటేనా అంటే అదీ కాదు. బ్యాంకులో ఏసీ గాలి తగిలినా, ఇంట్లో పోపు పెట్టినా, గుళ్ళో అగరుబత్తి వెలిగించినా ముక్కు పంపులా మొదలవుతుంది, రాత్రి పడుకుంటే అదే గొంతులోకి దిగి దగ్గు. పడిశం పది రోగాల పెట్టు అన్నారు పెద్దలు, ఆ పదీ నేను పేరుపేరునా చెప్పగలను. ఒంటి తుమ్ము అపశకునం, రెండోది పడితే దోషం లేదంటారు కదా, నావి వరసగా పద్నాలుగు, శకునం చూసేవాళ్ళకే లెక్క తప్పేది. మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఎవరు ప్రయాణం కట్టినా ముందు నన్ను పెరట్లోకి పంపేసేవారు.

దీనికి నేను చేసుకున్న వైద్యం ఏంటంటే ముక్కులో వేసుకునే చుక్కల మందు, జైలోమెటాజోలిన్. చొక్కా జేబులో ఒక సీసా, గల్లాపెట్టె పక్కన ఒకటి, దిండు కింద ఒకటి. వరసగా వారం కూడా వాడకూడని మందు నేను ఆరేళ్ళు వాడాను. ఆ చుక్కలు ముక్కులో రక్తనాళాల్ని ముడుచుకునేలా చేస్తాయి, మందు దిగగానే అవి ఇంతకుముందు కంటే ఎక్కువ ఉబ్బుతాయి, దాంతో మళ్ళీ చుక్కలు, అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు. ఈఎన్‌టీ డాక్టరు గారు టార్చి వేసి చూసి ఒకటే అన్నారు, ‘మీ దిబ్బడకి సగం కారణం మీ జేబులోనే ఉంది’ అని. మానేసిన మొదటి నాలుగు రాత్రులు వాలుకుర్చీలో కూర్చుని, నోటితో గాలి పీలుస్తూ తెల్లార్చాను. అయిదో రాత్రి ఎడమ ముక్కు తెరుచుకుంది. అయినా కారడం, తుమ్ములు మాత్రం అలాగే ఉన్నాయి.

అప్పుడు ఆయనే చెప్పారు, మా ఆస్పత్రిలో ఎన్నాళ్ళుగానో తగ్గని పడిశానికి ఒక స్ప్రే పరీక్ష జరుగుతోంది, ఇష్టమైతే చేరండి అని. మందు కొత్తదేం కాదు. అజెలాస్టిన్‌కి అమెరికాలో 1996లోనే అనుమతి వచ్చింది, ముందు ఎలర్జీ పడిశానికి, తర్వాత నాలా ఎలర్జీ లేకుండా వచ్చే పడిశానికి కూడా. 2021లో అక్కడ డాక్టరు చీటీ లేకుండా అమ్ముకోనిచ్చారు. ఇక్కడ పరీక్షించింది దాన్నే వేరే తయారీలో. నాకు ఎలర్జీ లేదని వాళ్ళకెలా తెలిసిందంటే, వారం రోజులు సెట్రిజిన్ అనే ఎలర్జీ మాత్ర మాన్పించి ముంజేతి మీద వరసగా చుక్కలు వేసి సూదితో గుచ్చారు, దుమ్ము పురుగు, బొద్దింక, పుప్పొడి రకాలు, చివర పోల్చుకోవడానికి ఎవరికైనా బుడిపె లేపే హిస్టమిన్ ఒకటి, ఎవరికీ లేపని ఉప్పునీళ్ళు ఒకటి. పావుగంట తర్వాత హిస్టమిన్ గుచ్చినచోట ఒక్కటే దోమ కుట్టినట్టు బుడిపె లేచింది. ‘మీది ఎలర్జీ కాదండి, ముక్కు నరాలు అతిగా స్పందించడం, వాసోమోటార్ అంటాం’ అన్నారు. ఇరవై నాలుగేళ్ళు ఎలర్జీ అని ఊరంతా చెప్పుకున్నాను.

ఇంట్లో గొడవ అయింది. మా ఆవిడ ‘మనుషుల మీద ప్రయోగాలా, ముక్కు అద్దెకిచ్చి వచ్చావా’ అంది. ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. ఖమ్మం జిల్లాలో గిరిజన ఆడపిల్లలకి గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా వేస్తే, తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు పెట్టారని బయటపడి 2010లో దాన్ని ఆపేశారు, పార్లమెంటు సంఘం కూడా తప్పుబట్టింది. 2011లో మా పక్కనే పిడుగురాళ్ళ నుంచి బీద ఆడవాళ్ళని డబ్బాశ చూపి హైదరాబాద్ తీసుకెళ్ళి మందులు పరీక్షించారు, వాళ్ళు జబ్బు పడి ఇళ్ళకి వచ్చాక గానీ లోకానికి తెలియలేదు. ఆ రోజుల్లో పేపర్లు తిరగేసినవాళ్ళు ఎవరూ మర్చిపోరు. కాబట్టి నేను కూడా కాగితాలన్నీ చదివాకే సంతకం పెట్టాను.

న్యాయంగా చెప్పాలి, కాగితం బాగానే ఉంది. తెలుగులోనే ఇచ్చారు, ఒక ప్రతి నాకు ఉంచారు. ‘యాదృచ్ఛికీకరణ’ లాంటి మాటలు నోరు తిరక్క నేను ఆగిపోతుంటే అక్కడ పనిచేసే అమ్మాయి నవ్వి, ‘చీట్లు వేసి తీసినట్టండీ బాబాయ్ గారూ, మీకు ఏ సీసా వస్తుందో మాకూ తెలీదు, డాక్టరు గారికీ తెలీదు’ అంది. మొదటి వారం అందరికీ డమ్మీనే ఉండొచ్చని, ఎప్పుడైనా కారణం చెప్పకుండా తప్పుకోవచ్చని, ఏదైనా జరిగితే వైద్యం ఖర్చు వాళ్ళదేనని రాసుంది. ఆటో ఖర్చులకి వెళ్ళినప్పుడల్లా 500 ఇచ్చారు. నా ముక్కు అద్దె అంతే.

ఆ పరీక్షలో నాకు బాగా పనికొచ్చింది మందు కంటే కూడా మందు కొట్టుకోవడం నేర్పడం. ఇది వినండి, స్ప్రేలు కొనేవాళ్ళందరికీ పనికొస్తుంది, మెడికల్ షాపులో ఎవరూ చెప్పరు, డబ్బా కవర్లో వేసి చిల్లర చేతిలో పెడతారు. నేను చిన్నప్పటి నుంచి చూసినట్టే తల వెనక్కి వాల్చి, కొట్టి, సర్రున పీల్చాను. ఆ అమ్మాయి ‘ఆగండాగండి’ అని సీసా లాక్కుంది. కొత్త సీసా అయితే ముందు గాల్లోకి సన్నటి పొగలా వచ్చేదాకా నొక్కాలి. ముక్కు చీదుకోవాలి. తల కొంచెం ముందుకి వంచి కాలి బొటనవేళ్ళు చూడాలి. కుడి ముక్కుకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకి కుడి చేత్తో పట్టుకుంటే సీసా మూతి దానంతటదే చెవి వైపు తిరుగుతుంది, మధ్య గోడకి తగలదు. ‘మల్లెపూలు వాసన చూసినట్టు పీల్చాలి బాబాయ్ గారూ, ముక్కుపొడుం లాగినట్టు కాదు’ అంది. మా తాత ముక్కుపొడుం లాగడం చూసి పెరిగినవాణ్ణి, ఆ మాటతో ఠక్కున అర్థమైంది. గట్టిగా లాగితే మందు ముక్కులో ఉండాల్సింది గొంతులోకి పోతుంది, చేదు మిగులుతుంది.

తర్వాత డైరీ. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, నాలుగు బాధలకి మార్కులు వెయ్యాలి, ముక్కు కారడం, తుమ్ములు, దిబ్బడ, గొంతులోకి దిగడం. లేకపోతే 0, కొంచెం ఉంటే 1, ఇబ్బందే గానీ ఓర్చుకోగలిగితే 2, పనో నిద్రో చెడేంతయితే 3. పూటకి 12 మార్కులు. తక్కువ మార్కులొస్తే పాసయిన పరీక్ష ఇదొక్కటే అనుకుంటా. నా ముక్కు గురించి ఇంత శ్రద్ధగా ఇంతకుముందు ఎవరూ అడగలేదు, నేను కూడా అడుక్కోలేదు. వారంలోనే ఒకటి కనిపించింది, నేను యార్డునే తిట్టుకుంటున్నాను గానీ పొద్దున్నే పళ్ళు తోముకునేటప్పుడే, చల్లనీళ్ళు మొహాన పడగానే 9, 10 మార్కులు పడుతున్నాయి. ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి. సరుకు ఎక్కువ దిగిన మూడు రోజులు డైరీ ముట్టుకోలేదు, ఆదివారం కూర్చుని మూడు రోజులవీ ఒకే పెన్నుతో ఒకేసారి నింపేశాను. ఆ అమ్మాయి పేజీ తిప్పి నా మొహం చూసి ఏమీ అనకుండా పక్కన ఏదో రాసుకుంది. నాలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారో ఊహించుకోండి, అవన్నీ కలిసి రేపు ఫలితం అవుతాయి.

మొదటివారం స్ప్రేకి రుచీ పచీ లేదు. రెండో సీసా ఇచ్చిన రాత్రి కొట్టుకున్న కాసేపటికి నాలుక మొదట్లో వేపపుల్ల నమిలినట్టు చేదు. ఓహో నాకు మందు పడిందన్నమాట అనుకున్నాను. మా అమ్మాయి బీఫార్మసీ చదివింది, అది చెప్పింది, అజెలాస్టిన్ వాడినవాళ్ళలో నూటికి దాదాపు 20 మంది చేదు అన్నారని, డమ్మీ వాడినవాళ్ళలో నూటికి ఒక్కరు కూడా అనలేదని. అంటే గుట్టు దాచిపెట్టిన సీసా నాలుక మీద బయటపడిపోతోంది. చేదు తగిలినవాడు ఇది మందే అని నమ్మి మార్కులు తక్కువేస్తే ఆ తగ్గుదల మందుదా, నమ్మకానిదా? పరీక్ష పెట్టినవాళ్ళకి ఇది తెలియక కాదు, అందుకే గదా ఫలితం చూడాలని నాకింత పట్టుదల.

ఈ చిక్కు మా మిర్చికి కూడా ఉందంటే నమ్ముతారా? మమ్మల్ని తుమ్మించే కారం ఉందే, క్యాప్సైసిన్, దాన్నే ఎలర్జీ లేని పడిశానికి ముక్కులో స్ప్రేగా కొట్టి యూరప్‌లో ఎప్పటి నుంచో పరీక్షిస్తున్నారు. ముందు నరాల్ని మండించి తర్వాత వాటిని మొద్దుబారుస్తుందట. అక్కడా ఇదే బాధ, ముక్కు మండినవాడికి తనకి ఏది పడిందో ఎవరూ చెప్పక్కర్లేదు కదా. ఈ సంగతి చెప్తే మా ముఠా కూలీలు ఒకటే నవ్వు, ‘మాకు రోజూ ఫ్రీగా కొడుతున్నారయ్యా, మరి మా పడిశం ఎందుకు పోలేదు’ అని.

ఇంకొకటి కూడా ఉంది. నాతో పాటు అదే రోజు వచ్చే ఒక ఆటో అతను ఉండేవాడు. చేదు ఊసే లేదన్నాడు, కానీ ‘బ్రహ్మాండంగా ఉంది అన్నా, రాత్రి నిద్ర పడుతోంది’ అన్నాడు. ఇదెలా అని మా అమ్మాయిని అడిగితే ఒక పాత లెక్క తీసి చూపించింది. ఎలర్జీ పడిశం ఉన్న 3,398 మంది మీద జరిగిన మూడు పరీక్షలు కలిపి 2012లో అచ్చేశారు. రెండు పూటలవీ కలిపి 24 మార్కులు. డమ్మీ కొట్టుకున్నవాళ్ళకే సగటున 3 మార్కులు తగ్గాయి. అజెలాస్టిన్‌కి 4.4. ఫ్లుటికాసోన్ అనే స్టెరాయిడ్ స్ప్రేకి 5.1. రెండూ కలిపి కొడితే 5.7. అంటే మందుకీ ఉత్త నీళ్ళకీ మధ్య తేడా 1.4 మార్కులు. ముక్కు కడిగినట్టవుతుంది కాబట్టి ఉత్త ద్రవం కూడా కొంత పని చేస్తుంది, మంచి రోజులు వాటంతటవే వస్తాయి, ఒకరు మన బాధ రోజూ అడుగుతున్నారంటేనే సగం తగ్గుతుంది. ఇవన్నీ పోగా మిగిలిన ఆ కాస్తా పట్టుకోవడానికి అంతమంది కావాలి, అంత గుట్టు కావాలి. ‘నేను వాడాను, నాకు తగ్గింది, మీరూ వాడండి’ అని వాట్సాప్‌లో వచ్చేవన్నీ అప్పటి నుంచి నేను తుడిచేస్తున్నాను.

నాలుగు వారాలు అయ్యేసరికి నా మార్కులు 9 నుంచి 5కి దిగాయి. తుమ్ములు బాగా తగ్గాయి, కారడం సగమైంది, గొంతులోకి దిగడం పెద్దగా మారలేదు. మధ్యాహ్నం పూట కొంచెం మత్తుగా ఉండేది, అదీ డైరీలో రాశాను. చివరి రోజు సీసాలు వెనక్కి తీసుకుని చిన్న కాటా మీద పెట్టి ఎన్ని గ్రాములు తగ్గిందో రాసుకున్నారు, నేను నిజంగా కొట్టుకున్నానో లేదో చూడ్డానికట. ‘నాకు పడింది మందా, డమ్మీయా?’ అని అడిగాను. ‘కోడ్ ఇంకా విప్పలేదు బాబాయ్ గారూ, అందరివీ అయ్యాక విప్పుతారు, అప్పుడు ఫోన్ చేస్తాం’ అంది ఆ అమ్మాయి. మంచి పిల్ల, కావాలని అబద్ధం చెప్పి ఉండదు.

ఫోన్ రాలేదు. ఆరు నెలలయ్యాక నేనే చేస్తే ఆ నంబరు పనిచెయ్యలేదు. ఆస్పత్రికి వెళ్తే ఆ అమ్మాయి ఉద్యోగం మానేసింది, ఆ గదిలో ఇప్పుడు ఫిజియోథెరపీ నడుస్తోంది. డాక్టరు గారు మర్యాదగానే ‘ఫలితాలు కంపెనీ దగ్గర ఉంటాయండి, మాకూ పంపలేదు’ అన్నారు. సంతకం పెట్టిన కాగితం మీద రిజిస్ట్రీ నంబరు ఉంది. మన దేశంలో ఇలాంటి పరీక్షలకి ప్రభుత్వ రిజిస్ట్రీ 2007 నుంచి ఉంది, 2009 జూన్ నుంచి అందులో నమోదు తప్పనిసరి. మా అమ్మాయి ఆ నంబరు కొడితే పేజీ వచ్చింది, అంతా ఇంగ్లీషు, పరీక్ష పూర్తయింది అని ఉంది, ఫలితం ఉండాల్సిన చోట ఖాళీ. నా సంతకం తెలుగులో కావాల్సి వచ్చింది, నా ఫలితం ఇంగ్లీషులో కూడా లేదు.

ఇది నేను దయ చూపమని అడుగుతున్నది కాదండి. మనుషుల మీద వైద్య పరీక్షలకి ప్రపంచమంతా ప్రమాణంగా పట్టుకునే హెల్సింకీ ప్రకటనలో, 2013లో సవరించినప్పుడు, పాల్గొన్నవాళ్ళు కోరుకుంటే ఫలితం తెలుసుకునే వీలు ఇవ్వాలని స్పష్టంగా రాశారు. యూరప్ దేశాల్లో 2022 జనవరి చివరి నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం మందు పరీక్ష ముగిసిన ఏడాదిలోగా మామూలు జనానికి అర్థమయ్యే భాషలో సారాంశం పెట్టాలి. మన దేశంలో మందుల పరీక్షలకి 2019 నిబంధనలు వచ్చాక సంతకానికి ముందు చెప్పాల్సినవి, నష్టపరిహారం, పరీక్ష న్యాయంగా ఉందో లేదో చూసే ఎథిక్స్ కమిటీ, ఇవన్నీ గట్టిపడ్డాయి, పిడుగురాళ్ళ లాంటివి చూశాక గట్టిపడాల్సిందే. జాగ్రత్తంతా ముందు వైపే పెట్టారు. చివర్లో మాకు చెప్పాల్సింది ఎవరి బాధ్యతో అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటున్నారు.

నేను చేసే పనితోనే చెప్తాను. రైతు తెల్లవారుజామున టిక్కీలు దించుతాడు, వేలం అవుతుంది, కాటా వేస్తాం. ఎంత తూగింది, రేటెంత, కమీషనెంత, కూలీ ఎంత, చేతికొచ్చేదెంత అని పట్టీ రాసి అతని చేతిలో పెడతాం. రేటు తక్కువ పడిందని తిడతాడు, తిట్టినా పట్టీ తీసుకునే వెళ్తాడు. సరుకు తూచేసి, ‘మీరు వెళ్ళండి, లెక్క కంపెనీ దగ్గర ఉంది’ అని ఒక్క రైతుతో అని చూడమనండి, ఆ పూట యార్డు నడవదు. నా సీసా గ్రాముల్లో తూచారు. పట్టీ ఏదండి?

ఖర్చు కూడా ఏముంది? అయిదు వారాలు రోజూ ‘డైరీ నింపారా’ అని నాకు మెసేజ్ పంపగలిగినవాళ్ళు ఒక్క పేజీ తెలుగులో పంపలేరా? ఎంతమంది చేరారు, ఎంతమంది మధ్యలో మానేశారు, మందుకి ఎన్ని మార్కులు తగ్గాయి, డమ్మీకి ఎన్ని, ఎవరికైనా ఇబ్బందులు వచ్చాయా, మీకు పడింది ఏది, ఈ ఆరు చాలు. మందు పనిచెయ్యలేదని తేలినా పంపండి, మేమేం దెబ్బలాటకి రాము. ఎథిక్స్ కమిటీలో వైద్యులు కాని మామూలు మనుషులకీ చోటు ఉంటుందట, వాళ్ళలో ఎవరైనా ఇది చదివితే రేపు ఏ పరీక్షకైనా సంతకం పెట్టే ముందు ఒక్క ప్రశ్న వెయ్యండి, ‘ఫలితం వీళ్ళకి ఏ భాషలో, ఏ నెలలో చెప్తారు’ అని. మీ పత్రిక వాళ్ళు కూడా జర్మనీ వార్తలతో పాటు మన ఊళ్ళో పూర్తయిపోయి ఖాళీగా పడి ఉన్న పరీక్షలు రిజిస్ట్రీలో ఎన్నున్నాయో ఒకసారి చూడండి, కావాలంటే మా అమ్మాయి చూపిస్తుంది.

ప్రస్తుతం నేను డాక్టరు గారు రాసిన అజెలాస్టిన్ స్ప్రేనే కొనుక్కుని వాడుతున్నాను, సీజన్‌లో రెండు పూటలా, తర్వాత అవసరమైనప్పుడు. నాకు పడింది డమ్మీయే అని తేలితే ఆ డబ్బులు మిగుల్చుకుని ఉప్పునీళ్ళతో సరిపెట్టుకుని చూద్దామని ఉంది. పరీక్షలో నా నంబరు 041. ఆ కంపెనీ వాళ్ళెవరైనా ఈ ఉత్తరం చూస్తే కాగితంలో నా ఫోన్ నంబరు ఉంది, అది మారలేదు.

ఇట్లు,
మిర్చి యార్డు గుమస్తా,
గుంటూరు